మత్తుకు ముందు పరీక్షలో అమ్మకు ఒకచోట 2, మరోచోట 3 రాశారు. ఆ అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

గుణుపురం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అమ్మకు 61 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయని వేసవిలో తీయించిన స్కానింగులో తేలింది. అప్పటి నుంచి రెండుసార్లు రాత్రివేళ కుడి డొక్కలో నొప్పి వచ్చి, వాంతులై, సూది వేయించాక గానీ తగ్గలేదు. లాపరోస్కోపీ చేసి పిత్తాశయాన్ని తీసేయడమే మంచిదని సర్జన్ గారు చెప్పారు.

మొదట మా దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో మత్తు డాక్టరు గారు అమ్మను చూసి, కాగితం మీద ‘ఏఎస్ఏ 2’ అని రాసి ఫిట్‌నెస్ ఇచ్చారు. ఆ వారంలోనే అక్కడి యంత్రం పాడైందని చెప్పడంతో బరంపురంలోని మరో ఆసుపత్రికి వెళ్లాం. మూడు వారాలైనా గడవకముందే అక్కడి మత్తు డాక్టరు గారు ‘ఏఎస్ఏ 3’ అని రాసి, నాలుగు వారాల తరువాత రమ్మన్నారు. ఈ కాగితం చూసినప్పటి నుంచి మా పెదనాన్న ‘మూడో స్టేజీ అంటే ఇంక చేయి దాటినట్టే కదరా, కత్తి పెట్టనివ్వకండి’ అంటున్నారు. అమ్మ కూడా భయపడిపోయింది.

అమ్మ ఎనిమిదేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. బరంపురంలో చేసిన పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ 9.4, హిమోగ్లోబిన్ 10.2, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.0 వచ్చాయి, ఈసీజీ బాగానే ఉందన్నారు. మొదటిచోట ఆ రోజు వేలి చివర రక్తం తీసి షుగరు చూశారే తప్ప హెచ్‌బీఏ1సీ చేయలేదు. మూడు వారాల్లో మనిషి ఆరోగ్యం ఒక మెట్టు దిగజారిందా, లేక ఇద్దరిలో ఒకరు పొరపాటు పడ్డారా? మొదటి కాగితం పట్టుకుని ఇంకెక్కడైనా త్వరగా చేయించుకోవడం తప్పవుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పర్లాకిమిడి పాఠకుడు

మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ అప్పుడు కూడా 3 అనే రాశారు. నడుములో సూది వేసి చేశారు, మూడో రోజు ఇంటికి వచ్చేశారు. నాకు తెలిసినంతలో 2 వరకు అయితే ఎక్కడైనా చేస్తారు, 3 వస్తే మాత్రం పెద్దాసుపత్రిలోనే చేయాలన్న నియమం ఉంది. అందుకే మీకు గడువు పెట్టి ఉంటారు. కంగారు పడకండి.

బరంపురం మత్తు వైద్యుడు

నేను 26 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పై మిత్రుడు ధైర్యం చెప్పడం బాగుంది కానీ, అటువంటి నియమమేదీ ఆ అంకెలో లేదు. 3 వచ్చినవారికి చిన్న ఆసుపత్రిలో చేయవచ్చా లేదా అన్నది అక్కడ ఉన్న సదుపాయాన్ని, చేయబోయే ఆపరేషన్‌ను బట్టి మేము నిర్ణయించుకునే విషయం. ముందుగా మీ పెదనాన్నగారికి ఒక మాట చెప్పండి: ఇది క్యాన్సర్‌కు వేసే స్టేజీ కాదు. జబ్బు ఎంతదూరం పాకిందో ఈ అంకె చెప్పదు. ఆపరేషన్ బల్ల ఎక్కడానికి ముందు ఆ మనిషి ఒంటి పరిస్థితి మొత్తంమీద ఎలా ఉందో మాత్రమే చెబుతుంది.

ఏఎస్ఏ అంటే అమెరికా మత్తు వైద్యుల సంఘం పేరులోని పొడి అక్షరాలు. 1941లో మేయర్ సక్లాడ్, ఎమెరీ రోవెన్‌స్టైన్, ఐవన్ టేలర్ అనే ముగ్గురు వైద్యులు ఆ సంఘం కోరిక మీద ఈ పద్ధతికి మొదటి రూపం ఇచ్చారు. వారు మొదట కొలవాలనుకున్నది ఆపరేషన్ ముప్పునే. అయితే ఆ ముప్పు ఏ ఆపరేషన్ చేస్తున్నారు, ఎవరు చేస్తున్నారు, ఏ ఆసుపత్రిలో చేస్తున్నారు, తరువాత ఎలా చూసుకుంటున్నారు అన్న లెక్కలేనన్ని సంగతుల మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్ని ఒక అంకెలో ఇరికించడం కుదరదని తేల్చి, రోగి శరీర స్థితిని మాత్రమే తరగతులుగా విడగొట్టారు. నేటికీ చాలామంది, మా వైద్యుల్లో కొందరితో సహా, ఈ తేడాను మరచిపోయి ఆ అంకెనే ముప్పు అని చదువుతుంటారు. నా దృష్టిలో ఈ కాగితం చుట్టూ పుట్టే భయాల్లో సగం అక్కడి నుంచే వస్తున్నాయి.

తరగతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏ జబ్బూ లేక, పొగ తాగక, మద్యం తాగనివారు లేదా ఎప్పుడో కొద్దిగా తాగేవారు 1. అదుపులో ఉన్న షుగరు, అదుపులో ఉన్న బీపీ, పొగ తాగే అలవాటు, గర్భం, బీఎంఐ 30 నుంచి 40 లోపు ఊబకాయం వంటివి 2. అదుపు తప్పిన షుగరు లేదా బీపీ, క్రమం తప్పకుండా డయాలిసిస్ చేయించుకుంటున్న కిడ్నీ రోగం, మూడు నెలలు దాటిన గుండెపోటు వంటివి 3. అదే గుండెపోటు వచ్చి మూడు నెలలు నిండకపోతే 4. ఆపరేషన్ చేయకపోతే బతకరు అన్న స్థితిలో ఉన్నవారు 5. మెదడు మరణం ప్రకటించాక అవయవదానానికి తెచ్చినవారికి 6. ఆలస్యమైతే ప్రాణానికో అవయవానికో ముప్పు పెరిగే అత్యవసర సందర్భంలో అంకె పక్కన ‘ఈ’ (E) అనే ఇంగ్లీషు అక్షరం చేరుస్తాం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మూడు వారాల్లో మీ అమ్మగారి ఆరోగ్యం దిగజారి ఉండకపోవచ్చు, ఎవరూ పొరపాటు పడి ఉండకపోవచ్చు కూడా. హెచ్‌బీఏ1సీ అన్నది సుమారు మూడు నెలల సరాసరి షుగరును చూపే పరీక్ష. వేలి చివర తీసిన రక్తం ఆ గడియలో ఉన్న షుగరును మాత్రమే చూపుతుంది. ముందురోజు రాత్రి తేలికగా తిని, ఉదయం పరగడుపున వచ్చిన మనిషికి అది ఎంతో బాగా కనిపించవచ్చు. మొదటి వైద్యుడు తన ముందున్న సమాచారం ప్రకారం ‘అదుపులో ఉన్న షుగరు’ అనుకుని 2 రాశారు. 9.4 చూసిన రెండో వైద్యుడు ‘అదుపు తప్పింది’ అని 3 రాశారు. ఒకే రోగి వివరాలు పదిమంది మత్తు వైద్యుల ముందు పెడితే అందరూ ఒకే అంకె వేయరన్నది మా రంగంలో పాత సంగతే. అందుకనే 2014లో ఆ సంఘం ఒక్కో తరగతికి ఉదాహరణలు చేర్చి, 2020 డిసెంబరులో పిల్లలకు, గర్భిణులకు సంబంధించిన ఉదాహరణలు కూడా కలిపింది.

నాలుగు వారాల్లో హెచ్‌బీఏ1సీ పూర్తిగా దిగిపోదు, దానికి అంత వ్యవధి చాలదు. మీ వైద్యుడు కోరుకుంటున్నది ఆ అంకె మారడం కాదనీ, పరగడుపు షుగరు, తిన్న తరువాతి షుగరు ఈలోగా దారికి రావడమనీ నేను అనుకుంటున్నాను. షుగరు విపరీతంగా ఉన్నప్పుడు కోసిన చోట చీము పట్టే అవకాశం, గాయం మానడంలో ఆలస్యం ఎక్కువ. అదే సమయంలో పిత్తాశయపు రాళ్లు మన గడువు చూసుకుని ఊరుకోవు. చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటలు గడిచినా తగ్గకపోయినా ఈ నాలుగు వారాల మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మొదటి కాగితం పట్టుకుని మరోచోట త్వరగా చేయించుకునే ఆలోచన మాత్రం మానుకోండి, 9.4 అని తెలిశాక ఆ కాగితం పాతబడినట్టే.

మీరు రాయని సంగతులు కొన్ని తెలిస్తే ఇంకొంచెం చెప్పగలను. అమ్మగారు ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలరా? ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు ఇచ్చారా, ఇస్తే ఏమైనా ఇబ్బంది కలిగిందా? నిద్రలో గురక, ఊపిరి ఆగినట్టు అవడం ఉందా? పొగాకు ఏ రూపంలోనైనా వాడతారా? ఈ చివరి ప్రశ్నకు మీరు కాకుండా ఆవిడే జవాబు చెప్పేలా చూడండి.

గుణుపురం వాసి

డాక్టరు గారూ, మీరు చివర అడిగిన ప్రశ్న చదివి నాకు సిగ్గు వేసింది. మొదటి నర్సింగ్ హోమ్‌లో ఆయన ‘బీడీ, సిగరెట్, మద్యం ఏమైనా ఉన్నాయా’ అని ఒడియాలో అడిగినప్పుడు అమ్మ నోరు విప్పేలోపే నేను ‘మా అమ్మకు అలాంటి అలవాట్లు లేవండి’ అని చెప్పేశాను. నేను కావాలని అబద్ధం చెప్పలేదు. మా అమ్మమ్మ, మేనత్తలు, అమ్మ అందరూ చిన్నప్పటి నుంచి చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవాళ్లే. పని చేసుకుంటూ, పెరట్లో కూర్చుని, బూడిద రాలకుండా అలా తాగుతారు. మా ఇంట్లో దాన్ని ఎవరూ పొగతాగడం కింద లెక్కవేయలేదు. మాకు పొగతాగడమంటే మగవాళ్లు కాల్చే సిగరెట్టే.

బరంపురంలో ఆ డాక్టరు గారు అమ్మను నిటారుగా కూర్చోబెట్టి, నోరు వీలైనంత తెరిచి నాలుక బయటకు చాపమన్నారు. టార్చి వేసి కొండనాలుక వైపు చూస్తూ ఒక్క క్షణం ఆగి, టార్చిని అంగుడి మీదకు తిప్పి, ‘అమ్మా, అడ్డచుట్ట ఎన్నేళ్ల నుంచి?’ అని తెలుగులో అడిగారు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘పెళ్లికి ముందు నుంచే బాబూ’ అంది. నేను పక్కనే ఉన్నాను.

మెట్ల సంగతి నిన్న స్వయంగా చూశాను. మా మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి అమ్మ రోజూ ఎక్కుతుంది కాబట్టి ఎక్కగలదనే అనుకున్నాను. దిగి వెంటనే మళ్లీ ఎక్కమంటే రెండోసారి సగంలో గోడ పట్టుకుని ఆగింది. మోకాళ్ల నొప్పి అంటోంది. ఇంతకుముందు మత్తు ఇచ్చింది లేదు. గురక ఉంది కానీ ఊపిరి ఆగడం ఎవరూ గమనించలేదు.

బరంపురం మత్తు వైద్యుడు

మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ప్రశ్నలోనే లోపం ఉంది: ‘బీడీ, సిగరెట్’ అని అడిగితే గంజాం నుంచి శ్రీకాకుళం దాకా ఎందరో తల్లులు నిజాయితీగానే ‘లేదు’ అంటారు. నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో అలాగే అడిగేవాణ్ణి.

ఆయన నోరు తెరిపించి చూసింది అసలు వేరే పనికి. మత్తులో ఉన్నప్పుడు గొంతులోకి శ్వాస గొట్టం వేయడం సులువవుతుందో కష్టమవుతుందో ముందే అంచనా వేయడానికి, నాలుక వెనక కొండనాలుక, అంగుడి భాగాలు ఎంతవరకు కనిపిస్తున్నాయో చూస్తాం. ప్రపంచమంతా దీన్ని మల్లంపాటి పరీక్ష అంటుంది. గుంటూరు జిల్లాలో పుట్టి బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన శేషగిరిరావు మల్లంపాటి గారు 1985లో ప్రచురించిన పద్ధతి అది. ఆయన మూడు తరగతులు చెప్పగా, 1987లో శాంసూన్, యంగ్ అనే ఇద్దరు నాలుగోది చేర్చారు. ఏ దేశం వెళ్లినా మత్తు డాక్టర్ల కాగితంలో ఒక తెలుగు ఇంటిపేరు కనిపించడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. నిప్పు నోట్లో ఉంచుకునేవారికి అంగుడి మీది పొర తెల్లబారి దళసరెక్కి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు తేలుతాయి. మీ అమ్మగారిలో ఆయన చూసింది అదే అయి ఉంటుంది. ఆ మచ్చలు కొందరిలో క్యాన్సర్‌గా మారతాయి కాబట్టి ఈ నాలుగు వారాల్లో ఒకసారి చెవి ముక్కు గొంతు వైద్యునికో దంతవైద్యునికో తప్పక చూపించండి. ఆపరేషన్‌తో దీనికి సంబంధం లేదు, అయినా వదిలిపెట్టవలసిన విషయం కాదు.

పొగాకు ఒక్కటే ఉంటే 2లోనే పడతారు. 3కు కారణం షుగరే. అయితే గడువు వెనక రెండో కారణం ఇదే కావచ్చు. పొగ మానిన ఒక రోజులోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు తగ్గుతుంది. ఊపిరితిత్తులు తేరుకుని, ఆపరేషన్ తరువాత కఫం, న్యుమోనియా వంటి చిక్కులు తగ్గాలంటే కనీసం నాలుగు వారాలు మానడం మేలు. లాపరోస్కోపీలో పొట్టలోకి గ్యాసు నింపుతారు, దానితో ఊపిరితిత్తుల కింది భాగం మీద ఒత్తిడి పడుతుంది. అందుకే ఈవిడ విషయంలో నేనైతే గుండె కన్నా ఊపిరితిత్తుల గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

మెట్ల గురించి: మోకాళ్ల వల్ల ఆగారా, ఆయాసం వల్ల ఆగారా అన్నది తేల్చుకోవాలి. ఈసారి పైకి వచ్చిన వెంటనే ‘ఇవాళ ఏం కూర వండావు’ అని అడగండి. మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే మోకాళ్లే అనుకోవచ్చు. మాట తెగిపోతుంటే ఆ విషయం మీ వైద్యునికి చెప్పండి, ఆయన గుండె స్కానింగు కోరవచ్చు. ఈసీజీ బాగుందన్న మాట ఒక్కదాని మీద ఆధారపడకండి. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీలో అన్నీ కనపడవు.

రాయగడ స్టాఫ్ నర్సు

డాక్టరు గారు చెప్పినవాటికి కొన్ని చేర్చుతాను. ఇవి నేను వార్డులో రోజూ చూసేవి. మన జిల్లాల్లో డాక్టరు ఒడియాలో అడుగుతారు, రోగికి తెలుగో సవరో కువియో వస్తుంది. సగం అర్థమైనా కాకపోయినా పెద్దవాళ్లు ప్రతి ప్రశ్నకూ ‘ఊఁ’ అంటూ తల ఊపుతారు. కాగితం మీద అదే ‘ఉంది’ అనో ‘లేదు’ అనో ఎక్కుతుంది. వెళ్లేటప్పుడు అమ్మగారి భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలి కానీ, ఆమె తరఫున జవాబు చెప్పకూడదు. గుడాకును పళ్లపొడి అనుకునేవారు చాలామంది ఉన్నారు, అదీ పొగాకే. వాడుతున్న మందుల పేర్లు చెప్పడానికి ప్రయత్నించకండి. అట్టలన్నీ, నాటువైద్యుడు ఇచ్చిన పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి.

రెండోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. కోరాపుట్, రాయగడ వైపు ఇది ఎక్కువ. 2023 జులై 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ సికిల్ సెల్ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపువారికి పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. మీ అమ్మగారి వయసువారు అందులోకి రారు కాబట్టి ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. హిమోగ్లోబిన్ 10.2 ఉంది, పిత్తాశయంలో రాళ్లున్నాయి. చిన్న వయసులో రాళ్లు కనిపిస్తే మేము మొదట అనుమానించేది దీన్నే. 61 ఏళ్ల ఆమెలో అది కారణం కాకపోవచ్చు గానీ, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా అని ఇంట్లో అడిగి డాక్టరుకు చెప్పండి. ఆ జబ్బు ఉన్నవారికి మత్తు ఇచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడకుండా, నీరు తగ్గకుండా, ఆక్సిజన్ తగ్గకుండా ప్రత్యేకంగా చూసుకోవాలి. ముందే తెలియడానికీ, బల్ల మీద తెలియడానికీ చాలా తేడా ఉంది.

ఆపరేషన్ రోజు ముక్కుపుడక, మెట్టెలు తీసి ఇంట్లోనే పెట్టి రండి. వచ్చాక సబ్బు రాసి, దారం చుట్టి తీయడానికి మేము పడే పాట్లు మీకు తెలియవు.

గుణుపురం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మందుల విషయం ఒక్కటి మిగిలింది. ఆపరేషన్ రోజు ఉదయం ఏవి వేయాలి, ఏవి ఆపాలి? ఏమీ తినకూడదు కాబట్టి ఏదీ వేయకూడదని మా ఇంట్లో అనుకుంటున్నారు. అప్పుడు రెండు కాగితాలూ తీసుకురావాలా, కొత్తది చాలా?

బరంపురం మత్తు వైద్యుడు

అన్నీ మానడం కూడా తప్పే. ఘనాహారం తేలికైనదైతే ఆరు గంటల ముందు, నూనెలో వేయించినదీ మాంసమూ అయితే ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగవచ్చు కాబట్టి, వేయమన్న మాత్రలను గుక్కెడు నీళ్లతో వేయవచ్చు. పరగడుపున షుగరు మరీ పడిపోకుండా గ్లిమెపిరైడ్‌ను ఆ ఉదయం సాధారణంగా ఆపిస్తాం, మెట్‌ఫార్మిన్‌ను కూడా. టెల్మిసార్టాన్‌ను చాలామంది ఒక రోజు ముందే ఆపమంటారు, మత్తులో బీపీ బాగా పడిపోయే అవకాశం ఉందని. దీనిలో వైద్యుల మధ్య తేడాలున్నాయి కాబట్టి మీ వైద్యుడు రాసి ఇచ్చిందే పాటించండి. ఈ నాలుగు వారాల్లో షుగరుకు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ రాస్తే మాత్రం ఆ సంగతి తప్పక చెప్పండి. వాటిని కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది, అది చూడగానే పట్టుబడదు.

కాగితాలు రెండూ తీసుకురండి. వాటితో పాటు ఈ నాలుగు వారాల షుగరు లెక్కలు తేదీలు వేసి ఒక నోటుపుస్తకంలో రాసి తెండి. చివరి చుట్ట ఏ రోజు తాగిందో కూడా అందులోనే రాయించండి, ఆవిడ చేతనే.